మూడో స్టాండు

బొబ్బిలంటే బయటివాళ్ళకి వీణ.
గ్రోత్ సెంటర్లో మా రేకుల షెడ్డులో
రాత్రి పదకొండు దాటాక వినబడేది వేరు:
పద్దెనిమిది అడుగుల ఉక్కు కడ్డీ
రెండు రాళ్ళ మధ్య దూరి
తోక కొట్టుకునే చప్పుడు.

సెంటర్‌లెస్ గ్రైండింగ్‌లో
కడ్డీని ఎవరూ పట్టుకోరు.
కొరికే రాయి ఒకటి, ఆపే రాయి ఒకటి,
కింద సన్నటి బ్లేడు.
వాటి మధ్య అది తనంతట తానే గుండ్రమవ్వాలి.
పాలిటెక్నిక్‌లో ఈ పాఠం విని
నవ్వొచ్చింది నాకు,
మా ఇంట్లో నన్ను పెంచినట్టే ఉందని.

మొదటి పదహారడుగులూ అద్దం.
చివరి రెండడుగుల మీద
చేప పొలుసుల్లా అడ్డగీతలు.
దీపం కింద వాలుగా తిప్పితేనే కనబడతాయి,
గోటికి మాత్రం ఇట్టే దొరుకుతాయి.
మైక్రోమీటర్ పెడితే
ఇరవై ఐదు, ఇరవై ఐదు, ఇరవై ఐదు.
వీ బ్లాకులో పెట్టి తిప్పితే
డయల్ ముల్లు మూడుసార్లు లేచి కూచుంది.
మూడు మూలల గుండ్రం!
ఎటు కొలిచినా ఒకటే కొలత.

రాయికి వజ్రం పట్టాను, బ్యాలెన్స్ చూశాను,
బెల్టులు బిగించాను,
ఆపే రాయి వేగం ముప్పై నుంచి ఇరవై రెండుకి దించాను,
బ్లేడు కింద పలక తీసి
కడ్డీని మధ్యగీతకి దిగువన కూచోబెట్టాను.
గీతలు పలచబడ్డాయి. పోలేదు.
తెల్లారేసరికి పంతొమ్మిది కడ్డీలు
చివర్లకి ఎర్ర రంగు పూసుకుని గోడవార చేరాయి.
రిజిస్టర్లో 'కారణం' అన్న గడిలో
షిఫ్ట్ ఇన్‌ఛార్జి కూర్మారావు గారు
'ఆపరేటర్ అజాగ్రత్త' అని రాశారు.
ఆపరేటరంటే నేను. గేదెల దమయంతి.

మర్నాటి రాత్రి
ఇనప రజను ఊడ్చే అసిరినాయుడు
చీపురు గోడకానించి వచ్చాడు.
నెల్లిమర్ల జూటుమిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు.
పిలిస్తే పలకడు, భుజం తట్టాలి.
నా చేతిలోని చెక్క స్కేలు తీసుకుని
ఒక కొస మిషను మీద పెట్టి
రెండో కొస పళ్ళతో కరిచిపట్టాడు.

"సెవులు మిల్లుకిచ్చెసినాను గుంటా.
పళ్ళున్నాయి కదేటి, నాలుగు."

స్పిండిల్ దగ్గర కరిచాడు, తల ఊపాడు.
బ్లేడు దగ్గర కరిచాడు, తల ఊపాడు.
"దీనికేటీ రోగం నేదు. కడ్డీనెట్టు."
కడ్డీ నెట్టాను.
అది బయటికొచ్చే తొట్టె వెంట
వంగి వంగి నడిచాడు, స్కేలు నోట్లోనే.
మొదటి స్టాండు. రెండోది.
మూడోదాని దగ్గర, కడ్డీ తోక
ఇవతలి రోలరుని వదిలిందో లేదో
కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ! బరువు మీదడ్డప్పుడల్లా
మోకాలు మడతెడతంది."

బోర్లా పడుకుని టార్చి వేశాను.
కూలెంటు నీళ్ళు బొట్టు బొట్టుగా కారి
పాదం కింది సిమెంటు తినేశాయి.
వేలుగోరు దూరేంత సందు.
నేను రెండు రాత్రులు రాళ్ళని తిట్టాను,
ఆ సందు మీదుగా వందసార్లు దాటుకుంటూ.

కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి
నాలుగు మడతలు పెట్టి తోశాం,
నట్టు బిగించాం.
తరవాతి కడ్డీ చివర గోటితో గీశాను.
గోరు జారిపోయింది.
ముల్లు కదిలింది, వెంట్రుకలో సగం. అంత ఒప్పుకుంటారు.
తిరిగి చూస్తే చీపురు చప్పుడు,
షెడ్డుకి ఆ మూల.

రిజిస్టరు తెరిచి
'ఆపరేటర్ అజాగ్రత్త' మీద స్కేలు పెట్టి గీత కొట్టాను.
'మూడో స్టాండు, పాదం' అని రాశాను.
'సరిచేసినవారు' అన్న గడిలో
టోకెన్ నంబరు వెయ్యాలి.
కాంట్రాక్టు మనిషికి నంబరుండదు.
పేరు మొత్తం రాశాను, గడి దాటిపోయింది.

నాలుగింటికి, ఎవరూ చూడకుండా
ఆ స్కేలు కొస స్టాండుకి ఆనించి
నేనూ కరిచాను.
కూలెంటు చేదు, చుట్ట వాసన,
చెక్క మీద అతని పళ్ళ గంట్లు.
ఏమీ వినబడలేదు.
కాసేపు అలాగే ఉన్నాను.